షామీర్‌పేట చెరువులో దిగిన ఓడ

ముందు మడ్‌గార్డు గలగల వినబడుతుంది. చాలాసేపటికి గాని సిద్దిరాములు సైకిలు మలుపు తిరగదు. మేడ్చల్ డిపో వెనక ఆయనది అద్దె పుస్తకాల దుకాణం. వారపత్రికలో వచ్చే సీరియల్‌ను వారం వారం కత్తిరించి, కుట్టి, అట్ట వేసి ఇచ్చేవాడు. ఆ పత్రిక ఊరికి ఒక్క కాపీయే వచ్చేది, అదీ ఆయనకే.

తొంభై మూడులో గోపాలరావు అంతరిక్ష నవల చదువుతూ, ఏడో తరగతి సుస్మిత అన్నం మానేసింది. ఓడ దారి తప్పింది, లోపల ఆరుగురున్నారు. ఆఖరి భాగం ఇంకా కుట్టలేదని సిద్దిరాములు రెండుసార్లు తిప్పి పంపాడు. మూడోసారి ఇచ్చాడు. ఓడ తెల్లకొంగలా షామీర్‌పేట చెరువులో వాలింది. బర్రెలు తల కూడా తిప్పలేదు. కెప్టెన్ ఒడ్డున కూర్చుని చల్ల తాగాడు. కాకినాడ రచయితకు మన చెరువు తెలుసని పాఠకులంతా పొంగిపోయారు. ఆ పేజీలకు పసుపురంగు పూల అంచు ఎందుకుందో ఎవరూ అడగలేదు.

పదకొండేళ్లకు, గోపాలరావు పోయిన ఏడాదికి, ఆ పాఠకులే సంస్మరణ సభ పెట్టారు. సుస్మిత తన వ్యాసం చదివింది. అందులో సగం ఆ చెరువే. అతిథిగా వచ్చిన రచయిత తమ్ముడు కళ్లద్దాలు తుడుచుకుని, అన్నయ్య నవలలో ఓడ తిరిగి రాదనీ, ఆరుగురూ ఆ చీకట్లోనే కలిసిపోతారనీ, అన్నయ్యకు అసలు చల్ల పడేది కాదనీ మెల్లగా చెప్పాడు.

సభంతా సిద్దిరాములు వైపు తిరిగింది. ఆయన టీ గ్లాసులోకి చూస్తున్నాడు. పెళ్లికార్డులు అచ్చువేసే పరమేశ్ కుర్చీ కింద ఏదో వెతుక్కుంటున్నాడు.

సభ ముగియగానే సుస్మిత ఆయన వెంటే దుకాణానికి వెళ్లింది. ఆమె వ్యాసం ఉన్న సంస్మరణ సంచిక తెల్లారే అచ్చుకు పోవాలి. ఇన్నేళ్లూ ఎవరి వాక్యాలను గుండెల్లో దాచుకుందో ఆమెకు అర్థం కావడం లేదు. సిద్దిరాములు రేకుపెట్టె తెరిచి, మడత నలగని నాలుగు కాగితాలు చేతిలో పెట్టాడు. అసలు ముగింపు.

"ఏది రాయాలె కాకా?"

"సారు రాసిందే రాయి బిడ్డా, గదే ఖరా. నాదేముంది. అప్పుడు నువ్వు అన్నం తింటలేవని మీ అవ్వ వచ్చి గీ దుకాణం ముంగట కూసున్నది. చెరువుల నీళ్లు మస్తుగున్నయి. దించిన."