శ్రావణంలో తెగిపోయిన లింకు

2003 వేసవి చివర్లో ఒక ప్రైవేటు ఇంటర్నెట్ కంపెనీ నన్ను విశాఖపట్నం బ్రాంచికి డిప్యూటీ మేనేజరుగా పంపింది. విభాగం ట్రాన్స్‌మిషన్. అంతకు ముందు చాలా ఏళ్లు ప్రభుత్వ టెలిఫోన్ శాఖలో మైక్రోవేవ్ టవర్ల మీద పనిచేసి, స్వచ్ఛంద విరమణ తీసుకుని వచ్చినదాన్ని. కొత్త ఉద్యోగంలో నా కింద సింహాద్రి అనే సీనియర్ టెక్నీషియన్, టవర్లెక్కే ఇద్దరు రిగ్గర్లు ఉండేవారు, ఒక పాత జీపు ఉండేది. పైన హైదరాబాదులో రీజినల్ మేనేజరుగారు. ఆయన దర్శనం ఫోనులోనే.

అప్పట్లో ఊళ్లో ఇంటర్నెట్ అంటే చాలామందికి టెలిఫోను తీగ మీద కీచుమంటూ తగిలే డయలప్పే. ఆఫీసులకు అది చాలదు. భూమిలో కేబుల్ వేద్దామంటే రోడ్డు తవ్వాలి, తవ్వడానికి అనుమతి రావాలి, అది వచ్చేసరికి కస్టమరు వేరే దారి చూసుకుంటాడు. అందుకని మా కంపెనీ మిల్లీమీటర్ తరంగాలను నమ్ముకుంది. ఇవీ రేడియో తరంగాలే, కాకపోతే ఒక్కో తరంగం పొడవు సెంటీమీటరు కూడా ఉండదు. భోజనం పళ్లెమంత డిష్ ఒకటి ఈ మేడ మీద, ఇంకొకటి ఆ మేడ మీద బిగిస్తే బోలెడంత డేటా నడుస్తుంది. రెండు డిష్‌ల మధ్య దారిని హాప్ అంటాం. చిక్కల్లా ఏమిటంటే ఈ తరంగాలు ఎక్కువ దూరం పోలేవు, దారిలో ఏది అడ్డం వచ్చినా ఓర్చుకోలేవు. ముఖ్యంగా నీళ్లంటే వాటికి గిట్టదు. గట్టి వాన పడితే సిగ్నల్ నీరసించిపోతుంది. అందుకే ప్రతి హాప్‌కీ అవసరానికి మించి కొంత బలం దాచిపెడతాం. దాని పేరు ఫేడ్ మార్జిన్. మా శాఖలో పుట్టి పెరిగిన ఎవరికైనా మొదటి శత్రువు వానే.

నేను వచ్చాక వేసిన తొలి హాప్ డాబాగార్డెన్స్‌లోని మా టవర్ మేడ నుంచి అల్లిపురంలో ఒక మూడంతస్తుల మేడకు. ఆ మేడలో సరస్వతమ్మగారు మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ సెంటరు నడిపేవారు. ఆవిడది కృష్ణా జిల్లా. నర్సు ఉద్యోగం మానేసి ఈ పని మొదలుపెట్టారు. విదేశాల్లో డాక్టర్లు రోగుల గురించి చెప్పిన మాటలు రాత్రికి ఫైళ్లుగా దిగేవి. ఇక్కడి ఆడపిల్లలు వాటిని విని టైపు చేసేవారు. పూర్తయిన ఫైళ్లు మధ్యాహ్నంలోపు వెనక్కి పోవాలి. గడువు దాటితే అక్కడి ఆసుపత్రి ఊరుకోదు.

సర్వే ఆషాఢం మొదట్లో చేశాం. దారిలో ఉన్న మేడల ఎత్తులు కొలిచాం, బైనాక్యులర్స్‌తో చూశాం, చెట్లూ ట్యాంకులూ రాసుకున్నాం. దారి శుభ్రంగా ఉంది. లింకు పెట్టిన వారానికే కుండపోత వానలు పట్టుకున్నాయి. నా ప్రాణం గిలగిల్లాడింది. లింకు మాత్రం చెక్కు చెదరలేదు. రీజినల్ మేనేజరుగారు ఫోనులో భేష్ అన్నారు. నేనూ భుజాలు చరుచుకున్నాను.

శ్రావణం వచ్చింది. వానలు తగ్గి చక్కగా ఎండ కాయడం మొదలైంది. సరిగ్గా అప్పుడే లింకు తెగడం మొదలుపెట్టింది.

పొద్దున్న బాగానే ఉండేది. ఎండెక్కే వేళకు పోయేది. సరస్వతమ్మగారు హైదరాబాదు కాల్ సెంటరుకు ఫోను చేయాలి, వాళ్లు ఫిర్యాదు నంబరిచ్చి మాకు చెప్పాలి, మేం జీపు తీయాలి. ఇదంతా అయి మేడ ఎక్కేసరికి మధ్యాహ్నం దాటేది, లింకు నవ్వుతూ ఎదురయ్యేది.

"మేమెల్లేసరికి బాగుంటాది మేడం, మేమొచ్చేత్తే పోతాది. మాకే భయపడతన్నాదో ఏటో!" అన్నాడు సింహాద్రి. అతనిది తగరపువలస. ఎంత కష్టంలోనైనా నవ్వించకుండా ఉండలేడు.

తలా ఒక కారణం చెప్పారు. సముద్రం తేమ అన్నారు రీజినల్ మేనేజరుగారు. నేవీ వాళ్ల రాడారు అన్నాడు సింహాద్రి. విశాఖలో టీవీ బొమ్మ అల్లాడినా ఆ తప్పు నేవీదే కదా! డిష్ వెనక బిగించే రేడియో పెట్టెలో లోపమేమో అన్నాను నేను. పెట్టె మార్చాం. ఆ మధ్యాహ్నం అద్భుతంగా పనిచేసింది. మర్నాడు పొద్దున్న మళ్లీ పోయింది.

ఈలోగా సెంటరు పిల్లలు ఫైళ్లను సీడీల్లో ఎక్కించుకుని, ఆటోలో నెట్ సెంటర్లకు పరిగెత్తి పంపేవారు. కొన్ని ఆలస్యమయ్యేవి. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే పని వేరేవాళ్లకు ఇచ్చేస్తామని ఆ ఆసుపత్రి నుంచి ఈమెయిలు వచ్చింది. సెంటరుకు ఉన్న కస్టమరు ఆ ఒక్కటే. రాత్రి ఉద్యోగమంటే ఒప్పుకోని తల్లిదండ్రులను ఇంటింటికీ వెళ్లి ఒప్పించి ఆ పిల్లల్ని తెచ్చుకున్నారావిడ. ఇప్పుడు వాళ్లను ఇంటికి పంపేయాల్సి వస్తుంది.

ఒకరోజు సరస్వతమ్మగారు మా ఆఫీసుకు వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. అరవలేదు. అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది. "మీ తేమలూ మీ రాడార్లూ నాకొద్దండీ. రేపు పొద్దున్నే మీరొచ్చి మా డాబా మీద కూర్చోండి. అది పోయేటప్పుడు దాని మొహం చూడండి" అన్నారు.

వెళ్లాను. రేడియో పెట్టె అడుగున ఒక చిన్న సాకెట్ ఉంటుంది. దానికి మల్టీమీటర్ తగిలిస్తే సిగ్నల్ ఎంత బలంగా అందుతోందో వోల్టేజి రూపంలో తెలుస్తుంది. డిష్‌లు ఎదురెదురుగా సరిచేయడానికి వాడేది ఇదే. సింహాద్రి మీటరు పట్టుకున్నాడు, నేను గొడుగు పట్టుకున్నాను. ఎండ పైకొచ్చింది. వోల్టేజి నిలకడగా ఉంది. కాసేపటికి ఒక మెట్టు దిగింది. ఆగింది. మరి కాసేపటికి ఇంకో మెట్టు. మళ్లీ ఆగింది.

వాన వల్ల తగ్గే సిగ్నల్‌ని చాలా చూశాను. అది జారుతుంది, ఊగుతుంది. ఇలా మెట్లు దిగదు. తేమైనా అంతే. మనిషి చేతిపని అయితే తప్ప ఇలా ఉండదని నాకప్పుడు తట్టింది. బైనాక్యులర్స్ తీసి డిష్ చూసే వైపే చూశాను. దారి మధ్యలో ఉన్న ఒక మేడ డాబా మీద, సర్వే నాడు లేని వెదురు పందిరి రెండంతస్తులుగా కట్టి ఉంది. ఒకామె పై వరస వెదురు మీద తడి చీర పరుస్తోంది.

"వోల్టేజి?" అన్నాను.

"దిగింది మేడం." బైనాక్యులర్స్ లాక్కుని చూసి, "ఓర్నాయనో, సీరలండీ! సీర ఏసినప్పుడల్లా దిగతన్నాది!" అన్నాడు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్ని రోజులూ ఆకాశాన్ని తిట్టుకున్నాం. అది చీరలకు గంజిపెట్టి రోలింగ్ చేసే దుకాణంవాళ్ల డాబా. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, వాళ్లకు పనుండదు. శ్రావణం రాగానే ముహూర్తాలూ నోములూ మొదలై, ఊరి చీరలన్నీ ఆ డాబా మీదికి చేరాయి. తడి బట్ట, పైగా జరీ. మా తరంగాలకు అంతకంటే గట్టి గోడ ఇటుకలతో కూడా కట్టలేరు. మధ్యాహ్నానికి చీరలు ఆరిపోయి కిందికి దిగేవి, లింకు లేచి కూర్చునేది.

వెంటనే ఆ డాబాకు వెళ్లాం. దుకాణం అప్పలరాజు, పైడమ్మ అనే దంపతులది. పైడమ్మ నన్ను చూడగానే, "ఏటమ్మా, అప్పుడే వొచ్చేసినావు? నీ సీర ఇంకా ఆరనేదు. రేపు సాయంత్రం ఇత్తానని సెప్పేను గదా!" అంది. తలెత్తి చూస్తే పై వరసలో నా వెంకటగిరి చీర వేలాడుతోంది. పక్క వీధిలో వాళ్ల కొట్లో పైడమ్మ చేతికే రోలింగ్‌కి ఇచ్చాను, ఆరబెట్టేది ఇక్కడని నాకేం తెలుసు? సింహాద్రి పిట్టగోడ వైపు తిరిగి భుజాలు కదిలిపోయేలా నవ్వాడు.

సంగతి చెప్పాను. అప్పలరాజు నమ్మలేదు. "గాల్లో ఏటీ నేదు గదమ్మా. తీగ నేదు, తాడు నేదు. నా సీరలు దేనికడ్డమొత్తన్నాయి?" అన్నాడు. పందిరి డాబాకు అటు వైపు మార్చగలరా అని అడిగాను. "ఆ పక్కనేత్తే పోర్టు ఎర్రధూళి పడిపోద్ది. తడిసీరకి అంటుకుంటే ఉతికినా పోదు. పెళ్లిసీర ఎర్రగయిపోతే నన్ను బతకనిత్తారా?" అన్నాడు. ఇనుప ఖనిజం దుమ్ము ఆ వీధుల మీద ఎలా పడుతుందో నాకూ తెలుసు. అతని మాటలో తప్పులేదు.

మాకు ప్రభుత్వ అనుమతి ఉందని సింహాద్రి కాస్త గొంతు పెంచబోతే ఆపాను. సాయంత్రం రీజినల్ మేనేజరుగారు నోటీసు పంపించమన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆ అనుమతి మనకు పౌనఃపున్యం ఇచ్చింది గానీ అప్పలరాజు డాబా మీద ఎండ ఇవ్వలేదని ఫోనులోనే చెప్పాను. ఆయన మళ్లీ నోటీసు మాట ఎత్తలేదు.

డిష్ బిగించిన ఇనుప స్తంభం, అంటే మాస్తు, ఎత్తు పెంచితే సరిపోతుంది, కానీ విమానాశ్రయం ఉన్న ఊళ్లో ఎత్తు పెంచాలంటే కొత్తగా క్లియరెన్స్ కావాలి. అది వచ్చేసరికి సెంటరు ఉండదు. రాత్రంతా ఆలోచించి, పొద్దున్న కాగితం మీద గీతలు గీశాను. సరస్వతమ్మగారి మేడ పొడుగాటిది. మా మాస్తు ఒక మూల ఉంది. దాన్ని అదే ఎత్తులో రెండో మూలకు జరిపితే, దారి మధ్యలో మా కిరణం అందులో సగం దూరం పక్కకు జరుగుతుంది. అంటే అప్పలరాజు పందిరిని తప్పించుకుని పక్కింటి రేకుల షెడ్డు మీదుగా పోతుంది. మేడ అదే, ఎత్తు అదే కాబట్టి కొత్త క్లియరెన్స్ అక్కర్లేదు, ఆ ఆఫీసుకు కబురు చేస్తే చాలు.

ఆ రోజే మాస్తు విప్పి, జరిపి, బిగించాం. డిష్‌లు సరిచేసేసరికి చీకటి పడింది. సిగ్నల్ వచ్చింది, కానీ అప్పుడు పందిరి ఖాళీగా ఉంది కదా, ఆ సిగ్నల్‌ని నమ్మడానికి లేదు. మర్నాడు పొద్దున్నే అప్పలరాజు దగ్గరికి వెళ్లి, ఉన్న చీరలన్నీ ఒకేసారి ఆరేయమని బతిమాలాను.

"పిండకుండా ఏసేమంటారేటి?" అన్నాడు.

"పిండకుండానే వెయ్యి" అన్నాను.

పైడమ్మ పగలబడి నవ్వింది. ఇద్దరూ కలిసి రెండు వరసలూ నింపేశారు. నీళ్లు ధారగా కారుతున్నాయి. నేను అల్లిపురం పరిగెత్తి మీటరు దగ్గర నిలబడ్డాను. ఒక్కో చీర పడుతున్నట్టు బైనాక్యులర్స్‌లో కనిపిస్తోంది. వోల్టేజి కదల్లేదు. పందిరంతా నిండింది. అయినా కదల్లేదు.

కింద నుంచి సరస్వతమ్మగారు మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చారు. "ఫైళ్లు వెళ్లిపోయాయండీ. అన్నీ వెళ్లిపోయాయి" అన్నారు. ఆవిడ పిట్టగోడ మీద చతికిలబడి కొంగుతో మొహం తుడుచుకున్నారు. నేనూ పక్కనే కూర్చున్నాను. అన్ని రోజుల తర్వాత హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆసుపత్రి పని ఆవిడ దగ్గరే ఉండిపోయింది. పిల్లలెవరూ ఇంటికి పోనక్కర్లేకపోయింది.

ఈ వ్యవహారం నాకు నేర్పింది క్లుప్తంగా చెబుతాను. సర్వే అంటే మేం ఎత్తులు కొలిచేవాళ్లం. ఆ ఎత్తుల మీద మనుషులు పని చేసుకుంటారనీ, ఆ పనికి ఒక కాలం ఉంటుందనీ ఎవరూ అడగలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, నేను వేసిన ప్రతి హాప్‌కీ దారి మధ్యలో ఉన్న డాబాలన్నీ ఎక్కాను. అక్కడివాళ్లను మొదట అడిగే ప్రశ్న, పెళ్లిళ్ల రోజుల్లో ఇక్కడేం చేస్తారని. కొందరు నన్ను పెళ్లిళ్ల పేరమ్మ అనుకున్నారు. అనుకోనీ, ఆ హాపుల్లో ఒక్కటీ శ్రావణంలో తెగలేదు.