రేసు తీగ బిగించిన మొనగాడు

నేను చేసిన ఒక్క రిపేరు వల్ల తొమ్మిది మంది మనుషులతో సహా ఒక మోటారు పడవ పుచ్చకాయల తోటలో దిగింది. మామూలు ఫిట్టరుకు ఇది సాధ్యమయ్యే పని కాదు. నేను మామూలు ఫిట్టరును కాదని ఆ రోజుల్లో నాకు గట్టి నమ్మకం ఉండేది కనకనే సాధ్యమైంది.

డెబ్బయ్యో దశకం మొదట్లో మాట. నాకు ఇరవై మూడేళ్లు. గోదావరిఖనిలో బొగ్గుబావి వర్క్‌షాపులో ఫిట్టరుగా పర్మినెంటై నాలుగు నెలలైంది. చొక్కా జేబులోంచి స్పానరు తల బయటికి కనబడేట్టు పెట్టుకుని తిరిగేవాణ్ని. పెళ్లిళ్లకు కూడా అట్లాగే వెళ్లాను. మా వాడలో కుట్టుమిషను మూలిగినా, సైకిలు చైను జారినా "రాజమల్లును పిలువుండ్రి" అనేవాళ్లు. అనకపోతే నేనే వెళ్లి అక్కడ నిలబడేవాణ్ని.

మా వైపు నుంచి అవతలి ఒడ్డు ఊళ్లకు పోవాలంటే యాకూబ్ కాక పడవే దగ్గరి దారి. పడవ వెనకాల తగిలించే పాత మోటారు ఒకటి ఆయనకు ఎక్కడో దొరికింది. దానికి గేరు లేదు. స్టార్టయిందంటే పడవ కదిలిందన్నమాటే. పిడి తిప్పితే ఒక ఇనుప తీగ లాగుతుంది. ఆ తీగ లోపల పెట్రోలు దారి తెరుస్తుంది, వేగం పెరుగుతుంది. దాన్ని మేము రేసు తీగ అనేవాళ్లం. పిడి పూర్తిగా వెనక్కి తిప్పితే దారి మూసుకుని మోటారు ఆగిపోతుంది. ఆపడానికి వేరే బటనంటూ లేదు. ఈ చివరి సంగతి మీరు గుర్తు పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

ఒక ఆదివారం పొద్దున యాకూబ్ కాక మా ఇంటికి వచ్చాడు.

"బేటా రాజమల్లూ, పిడి మొత్తం తిప్పినా మోటారు ఉరుకుతలేదు. నిన్న నీళ్లల్ల తాబేలు నన్ను దాటి పోయింది."

"గంతేనా? తీగ సాగింది కాకా. పది నిమిషాల పని."

అది నిజమే. యంత్రాల విషయంలో నా రోగనిర్ధారణ ఎప్పుడూ తప్పేది కాదు. వైద్యమే కొంచెం ఎక్కువయ్యేది. రేవుకు వెళ్లి చూస్తే, తీగ చివర బిగించే నట్టు ఉంది. దాన్ని రెండు చుట్లు తిప్పేసరికి లూజు పోయింది. బుద్ధిమంతుడు అక్కడ ఆగుతాడు. కాని తీగ రేపు మళ్లీ సాగుతుంది కదా, ఈ ముసలాయన మళ్లీ నడిచి రావాలి కదా అని నాకు జాలి కలిగింది. ఆ జాలితో ఇంకో ఆరు చుట్లు బిగించాను. వేలితో మీటితే తీగ "ట్రింగ్" మంది. ఆ చప్పుడు విని నా పనితనానికి నేనే తల ఊపాను.

"ఒడ్డుకు కట్టేసి ఒక్కసారి నడిపి చూద్దామా బేటా?" అన్నాడు యాకూబ్ కాక.

"నా పని మీద నమ్మకం లేదా కాకా?"

ఆయన "అల్లా మీదున్నది. జెర నీ మీద గూడ పెట్టుకుంట తియ్యి" అన్నాడు.

ఆ పడవలోనే మా అమ్మను ఎక్కించాను. అవతలి ఒడ్డున మా పెద్దమ్మ ఊరికి పోవాలని ఆమె ఎన్నాళ్ల నుంచో అంటోంది. కొడుకు బాగుచేసిన మోటారు మీద పోతే ఆ దర్జా వేరు. సకినాల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుని, ఎక్కినవాళ్లందరికీ "మోటారు నా కొడుకే చేసిండు" అని చెప్పింది. అడగనివాళ్లకు రెండుసార్లు చెప్పింది. చివర్లో మా కనకయ్య మేస్త్రి వచ్చి ఎక్కాడు. వర్క్‌షాపులో నాకు పని నేర్పిన గురువు. గురువుగారి ముందు కూడా విద్య చూపించే అవకాశం! నేను ఛాతీ విరిచాను. స్పానరు కూడా ఇంకాస్త పైకి వచ్చింది.

యాకూబ్ కాక మోటారు స్టార్టు చేసే తాడు లాగాడు. పడవ ఎగిరింది. అతిశయోక్తి కాదు, ముందు భాగం నిజంగానే గాల్లోకి లేచింది.

"అరెరె, విమానం లెక్క పోతాంది!" అని ఎవరో అరిచారు.

"శెభాష్ బేటా!" అన్నాడు యాకూబ్ కాక, గడ్డం గాలికి రెండు పాయలుగా చీలుతుండగా.

మా అమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తుంది. సగం గోదావరి దాటేదాకా నా అంత గొప్పవాడు మా బొగ్గుబావుల ప్రాంతం మొత్తంలో లేడు.

అవతలి రేవు దగ్గర పడుతుంటే యాకూబ్ కాక పిడి వెనక్కి తిప్పాడు. పడవ అట్లాగే దూసుకుపోతోంది. రేవులో బట్టలుతికేవాళ్లు లేచి నిలబడ్డారు. రేవు పక్కనే బండరాళ్లు.

"పిడి తిప్పు కాకా!"

"తిప్పిన! ఇంక తిప్పితే ఊడి చేతికొస్తది! నువ్వేం చేసినవ్ రా దీన్ని?"

పిడి పూర్తిగా వెనక్కి పోయినా, నేను గుంజి కట్టిన తీగ లోపల పెట్రోలు దారిని సగానికి పైగా తెరిచే ఉంచింది. యాకూబ్ కాక చేసేది లేక పడవను పక్కకు మళ్లించి, నది మధ్యలో గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాడు. ఒక చుట్టు. రెండు చుట్లు. జనం పడవ అంచులు పట్టుకుని దేవుళ్లను పిలుస్తున్నారు. కనకయ్య మేస్త్రి మాత్రం ఆరిపోయిన బీడీ నోట్లోంచి తీసి నెమ్మదిగా అడిగాడు.

"నట్టు ఎన్ని చుట్లు బిగిచ్చినవ్ రా?"

"ఎనిమిది, మేస్త్రీ."

"గట్లయితే ఇంక ఆరు చుట్లు తిరుగాలె మనం."

నేను స్పానరు తీసి నట్టు వదులు చేయబోయాను. పడవ కుదుపుకు స్పానరు చేతిలోంచి జారి గోదావరిలో పడింది. నా పరువు కూడా దాని వెనకే మునిగింది.

"పెట్రోలు నల్లా బందు చెయ్యి" అన్నాడు మేస్త్రి. చేశాను. మోటారు మోగుతూనే ఉంది.

"ఆగుతలేదు మేస్త్రీ!"

"లోపలున్నది మండాలె గదరా. ఒక్క నిమిషం ఓపిక పట్టు."

ఓపికే ఉంటే నేను ఎనిమిది చుట్లు ఎందుకు బిగిస్తాను? ప్లగ్గు వైరు పీకేస్తే తక్షణం ఆగుతుందని తోచింది. తడి చేత్తో పట్టుకుని పీకబోయాను. వెయ్యి తేళ్లు ఒక్కసారి కుట్టినట్టయింది. ఎగిరి వెళ్లి యాకూబ్ కాక మీద పడ్డాను. ఆయన చెయ్యి జారింది. గుండ్రంగా తిరుగుతున్న పడవ తిన్నగా ఒడ్డుకేసి పరుగెత్తింది.

"అవ్వా, గట్టిగ పట్టుకో!" అని అమ్మ వైపు అరిచాను. ఆ క్షణంలో మాత్రం నాకు నవ్వులాటగా లేదు. మా అమ్మకు ఈత రాదు.

యాకూబ్ కాక పెద్దవాడైనా గట్టివాడు. నన్ను ఒక మోచేత్తో నెట్టి, బండలను తప్పించి, పడవను ఇసుక వైపు తిప్పాడు. అది ఇసుక మీదికెక్కి, ఇసుకలో వేసిన పుచ్చకాయల తోటలోకి జర్రున జారి, నాలుగు కాయలు పగలగొట్టి నిలిచింది. సరిగ్గా అప్పుడు లోపలి పెట్రోలు అయిపోయి మోటారు ఆగింది.

ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. ఆ సంగతి తేలగానే అందరూ నన్ను తిట్టడం మొదలుపెట్టారు. తోటాయన కట్టె పట్టుకుని ఉరికొచ్చి, "ఇది తోటనా, పడవల అడ్డానా?" అని అరిచాడు. మా అమ్మ ఒక్క మాటా అనలేదు. మూట సవరించుకుని, పక్కకు పోయి నిలబడింది. తిట్లన్నిటి కంటే ఆ మౌనమే నాకు కష్టమనిపించింది.

యాకూబ్ కాక పడవ అడుగున వెతికి ఇచ్చిన పకడు, అదే పట్టకారు, తీసుకుని, మేస్త్రి పక్కన కూర్చోగా, నట్టు వెనక్కి తిప్పాను. ఈసారి పిడిని వెనక్కి పెట్టి లోపలి దారి పూర్తిగా మూసుకుందా లేదా అని చూశాను. తర్వాత ముందుకు తిప్పి పూర్తిగా తెరుచుకుందా అని చూశాను. తీగకు గింజంత లూజు ఉంచాను. పడవను నీళ్లలోకి నెట్టి, తాడు కట్టే నడిపించాం. పిడి తిప్పితే ఉరికింది. వెనక్కి తిప్పితే బుద్ధిగా ఆగింది.

"ఇప్పుడు ఫిట్టరువైనవ్" అన్నాడు మేస్త్రి. పర్మినెంటు ఆర్డరు అందుకున్న రోజు కూడా నాకంత గర్వం కలగలేదు. తర్వాత చాలా ఏళ్లు యాకూబ్ కాక ఆ తీగను ఇంకొకరి చేత ముట్టనివ్వలేదు.

కాని అమ్మ ఇంకా మాట్లాడటం లేదు. పెద్దమ్మ ఊరిదాకా నా ముందు నడిచింది. నేను తల వంచుకుని వెనక నడిచాను. వాకిట్లో అడుగుపెట్టగానే పెద్దమ్మ, "ఎట్లొచ్చిన్రే చెల్లె?" అంది. అమ్మ మూట దించి, గట్టిగా ఊపిరి తీసుకుని, ఇరుగుపొరుగు అందరికీ వినబడేట్టు చెప్పింది.

"మోటారు మీద. నా కొడుకు చేసిండు. పెట్రోలు బందు పెట్టినంక గూడ నడిచిందే అక్కా! మీ ఊళ్లె ఒక్కనికన్న వస్తదా గసొంటి పని?"

సాయంత్రానికల్లా ఆ వాకిట్లో ఆగిపోయిన గడియారాలు రెండు, నీళ్లు గుంజని బోరింగు గురించి వచ్చిన పెద్దమనిషి ఒకరు నా కోసం ఎదురుచూస్తున్నారు. వాళ్ల ముందు నిలబడి, ఇంకా జివ్వుమంటున్న కుడి చెయ్యి పైకెత్తి, మనసులో ఒట్టు పెట్టుకున్నాను: ఏ యంత్రమైనా సరే, ఎట్లా ఆగుతుందో తెలిసేదాకా దాన్ని నడిపించను. నడిపించి చూసేదాకా దాని మీద ఎవరినీ ఎక్కించను. ముఖ్యంగా మా అమ్మను!