పదకొండు మాటల దుబాసీ

నేను ఒకసారి ఒకే ఒక్క వాక్యంతో ఒక ఊరు మొత్తాన్ని గుండెలు బాదుకునేలా చేశాను. పెద్ద పెద్ద వక్తలకు కూడా అంత తేలిగ్గా దొరకని ఘనత అది. వాళ్ళకు కనీసం మైకు కావాలి, నాకు అదీ అక్కర్లేకపోయింది. ఆ వాక్యం ఏమిటో, అది ఎక్కడ చెడిందో, ఆ తరవాత నా వీపు ఎలా మిగిలిందో చెబుతాను. మీరు నవ్వుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. ఆ రోజు మాత్రం నవ్వినవాళ్ళు ఎవరూ లేరు.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. ఇల్లు కంచరపాలెం, ఉద్యోగం వన్ టౌన్‌లో ఒక మందుల హోల్‌సేల్ షాపు. అట్టపెట్టెలు ఎత్తడం, దించడం, వాటి మీద పేర్లు చదివి అరవడం, ఇదీ నా పని. పని చిన్నదే గాని నోరు మాత్రం ఓడ సైరన్ అంత ఉండేది.

ఆ షాపుకి ప్రతి నెలా ఆనందరావు అయ్యగారు, ఆయన భార్య డాక్టర్ కరుణమ్మగారు మందుల కోసం వచ్చేవారు. ఆయన పాస్టరు, ఆవిడ కాన్పుల డాక్టరు. ఊళ్ళో హాయిగా ఉండగలిగినవాళ్ళు, ఒక పాత జీపు వేసుకుని పాడేరు అవతల కొండల మీద ఊళ్ళు పట్టుకుని తిరిగేవారు. ముందు ఆవిడ రోగుల్ని చూసేవారు, తరవాత ఆయన ప్రార్థన పెట్టేవారు. మందు తీసుకున్నవాళ్ళు ప్రార్థనకు కూర్చోకుండా వెళ్ళిపోయినా ఇద్దరిలో ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.

ఒకరోజు డాక్టరమ్మ మా యజమానితో దిగులుగా అన్నారు: "మాతో వచ్చే నర్సమ్మకి గవర్నమెంటు ఉద్యోగం వచ్చిందండి. కొండ భాష తెలిసినవాళ్ళు ఒక్కరు దొరికినా చాలు. లేకపోతే మా పని ఆగిపోయేలా ఉంది."

"నాకొచ్చు కదండీ!"

ఎవరా అని చూస్తే, అన్నది నేనే. నిచ్చెన మీద ఉన్నాను, చేతిలో ఓఆర్ఎస్ పెట్టె.

నాకొచ్చిందేమిటో మీకు నిజం చెప్పేస్తాను. డిగ్రీ తప్పిన ఏడాది మా మావయ్యతో కలిసి మూడు నెలలు ఆ కొండ సంతల్లో బట్టల మూటలు మోశాను. అక్కడ నేర్చుకున్నవి సరిగ్గా పదకొండు మాటలు: నీళ్ళు, అన్నం, కోడి, మేక, మంచిది, నొప్పి, ఎక్కడ, ఎంత, రా, కూర్చో, పో. వీటితో ఒక మనిషి సంతలో బతికేయొచ్చు. ఆసుపత్రి నడపలేడు. ఆ తేడా నాకు తట్టలేదు. జీపెక్కి కొండలు చూడొచ్చు, షాపు దుమ్ము వదులుతుంది అనుకున్నాను, అంతే. మా యజమాని సెలవిచ్చి పంపించాడు.

మొదటి వారం గట్టెక్కాను. రోగం వచ్చిన మనిషి ఏ భాషలోనైనా పొట్ట పట్టుకుంటాడు, తల పట్టుకుంటాడు. చూసి చెప్పడమే. ఒక ముసలాయన మాత్రం చాలాసేపు చేతులు తిప్పుతూ ఏదో చెప్పాడు. నేను డాక్టరమ్మ వైపు తిరిగి, "మోకాలి నొప్పటండి" అన్నాను.

"అంతసేపు చెప్పింది ఇదేనా?"

"ఈళ్ళ భాషలో మోకాలికి పేరు చాలా పొడుగండి."

ఆవిడ కళ్ళజోడు కిందకి దించి నన్ను ఒకసారి చూశారు.

ఆ తరవాత అయ్యగారి ప్రసంగం. తప్పిపోయిన గొర్రెను వెతుక్కుంటూ వెళ్ళిన కాపరి గురించి ఆయన కళ్ళనీళ్ళు వచ్చేలా చెప్పారు. నా పదకొండు మాటల్లో అది ఇలా దిగింది: "మేక. పో. మేక ఎక్కడ? ఎక్కడ? మేక రా. మంచిది. అన్నం." జనం చాలా శ్రద్ధగా విన్నారు. మరుసటి వారం మేం వెళ్ళేసరికి ఊరి మొదట్లో ఒక మేకను తాడుతో పట్టుకుని నలుగురు నిలబడి ఉన్నారు. అయ్యగారి మేక పోయిందట, పాపం, వారమంతా వెతికి దొరికినదాన్ని తెచ్చారు.

"ఈళ్ళెంత ప్రేమగల మనుషులయ్యా సుందరూ! మనకి కానుక తెచ్చినారు" అని అయ్యగారు పొంగిపోయారు. "అవునండి" అన్నాను. ఆ మేక సొంతదారు పక్క ఊరి నుంచి కర్ర పుచ్చుకుని వచ్చేవరకూ అది కానుకగానే ఉంది.

ఆ రోజే నిజం ఒప్పేసుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. ఒప్పుకోలేదు. అబద్ధం రెండు వారాలు నిలబడిందంటే అది అబద్ధంలా అనిపించడం మానేస్తుంది. నాకు నిజంగానే ఆ భాష వచ్చేమో అని నాకే కాస్త అనుమానం మొదలైంది.

మూడో వారం కొత్త ఊరికి వెళ్ళాం. జీపు కిందే ఆగిపోయింది. అక్కడి నుంచి వాగు దాటి, గంట సేపు ఎక్కాలి. ముందు రోజు పడిన వాన వల్ల దారంతా జారుడు. పైకి చేరామో లేదో ఇద్దరు ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చి డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని ఒక ఇంట్లోకి లాక్కుపోయారు. లోపల ఒక అమ్మాయి, నిండు చూలాలు, పళ్ళు బిగబట్టి మూలుగుతోంది. ముందు రోజు నుంచీ నొప్పులు పడుతోందని ఆమె వాలకమే చెప్పింది. డాక్టరమ్మ తెలుగులోనే "భయపడకమ్మా" అంటే తల ఊపింది. నొప్పికి ఊపింది అనుకున్నాం.

"ఇక్కడ తెలుగు ఎవరికీ రాదండి, నాతోనే చెప్పించండి" అని నేను గుమ్మం బయట నుంచి ధీమాగా అన్నాను. ఎవరినీ అడగకుండానే అన్నాను.

కాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చారు. ఆవిడ ముఖం చూసి నా ధీమా సగం జారిపోయింది.

"బిడ్డ అడ్డంగా ఉంది. ఇక్కడ కాన్పు అవ్వదు, ఆపరేషన్ చెయ్యాలి. ఇప్పుడే కిందకి దింపి ఆసుపత్రికి తీసుకెళ్తే ఇద్దరూ బతుకుతారు. ఏవండీ, మీరు దిగి జీపు తిప్పి ఉంచండి." ఆవిడ మాట పూర్తవకుండానే అయ్యగారు దిగడం మొదలుపెట్టారు. "సుందర్, ఆమె భర్తకీ అత్తకీ సరిగ్గా చెప్పు. వెంటనే వెళ్ళాలి, భయం లేదు అని చెప్పు."

నా ఎదురుగా ఆ అమ్మాయి భర్త, అత్త, వాళ్ళ వెనక ముప్ఫై మంది. అందరి కళ్ళూ నా నోటి మీద. నా పదకొండు మాటలూ తడుముకున్నాను. పనికొచ్చేది ఒక్కటే దొరికింది: పో. దాన్ని 'పోవాలి' అని ఎలా మార్చాలో తెలియదు. సంతలో మాటల చివర విన్న తోక ఒకటి గుర్తొచ్చింది. అది తగిలించాను. లోపలి గది వైపు చెయ్యి చూపించాను, పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాను, గంభీరంగా ఆ మాట అన్నాను.

మీకు ఇప్పటికే అర్థమైపోయి ఉంటుంది. నేనన్నది 'పోవాలి' కాదు. 'పోయారు' అని. తల్లీ, బిడ్డా ఇద్దరూ.

అత్త నేల మీద కూలబడి గుండెలు బాదుకోవడం మొదలుపెట్టింది. ఆమెను చూసి మిగతా ఆడవాళ్ళు. భర్త గోడకి తల ఆనించి నిలబడిపోయాడు. ఇద్దరు మగవాళ్ళు అప్పుడే కట్టెల వైపు నడిచారు.

"ఏం చెప్పావ్?" డాక్టరమ్మ గిర్రున నా వైపు తిరిగారు.

"మీరు సెప్పిందే సెప్పానండి."

"నేను చెప్పింది విని ఇలా ఏడుస్తారా? అక్షరం అక్షరం చెప్పు, ఏమన్నావ్?"

భర్త ఒక్కసారిగా లోపలికి దూసుకెళ్ళబోయాడు. నలుగురు పట్టుకున్నారు. డాక్టరమ్మ లోపలికి వెళ్ళబోతే ఆడవాళ్ళు ఇక వద్దన్నట్టు చేతులు అడ్డం పెట్టారు. లోపల ఆ అమ్మాయి ఒక్కత్తే ఉంది. నా చెమట వాసన నాకే తెలుస్తోంది.

"అమ్మగారూ, నాకు ఈ భాష రాదండి."

"ఏంటి?"

"రాదండి. అబద్ధం సెప్పాను. పదకొండు మాటలే వచ్చండి."

ఆవిడ తిడతారనుకున్నాను. తిట్టలేదు. తిట్టడానికి కూడా టైము లేదన్నట్టు చూశారు. ఆ చూపు ఇప్పటికీ నా మీదే ఉంది.

సరిగ్గా అప్పుడు లోపలి నుంచి ఒక కేక వినిపించింది. కొండ భాషలో కాదు. మా కంచరపాలెం సందుల్లో కుళాయి దగ్గర వినిపించేంత స్వచ్ఛమైన తెలుగులో.

"ఎవుడ్రా ఆడు! నానింకా సావనేదు! నన్ను సంపేసినోడ్ని లోనికి రమ్మను!"

ఏడుపులు ఠక్కున ఆగాయి.

డాక్టరమ్మ ఆడవాళ్ళను తోసుకుని లోపలికి పరిగెత్తారు. వెనకే గుమ్మం దాకా నేను. ఆ అమ్మాయి మోచేతుల మీద లేచి నన్ను చూసింది. పేరు చిలకమ్మ అట.

"నీకు తెలుగు వచ్చా తల్లీ?" అన్నారు డాక్టరమ్మ.

"పెళ్ళికి ముందు రొండేళ్ళు ఇశాపట్నంల హాస్టల్‌ల వంట పని సేసినానమ్మా. మీరు సెప్పింది నాకు తెలస్తంది. నొప్పికి నోరు రాక ఊరుకున్నాను. ఈడేటి, నన్ను బతికుండగానే పాడె కట్టించేత్తన్నాడు?"

"నువ్వే చెప్పమ్మా మీవాళ్ళకి. డోలీ కట్టమను."

నొప్పికీ నొప్పికీ మధ్య దొరికిన ఆ కాస్త వ్యవధిలో చిలకమ్మ తన ప్రాణం గురించి తనే అనువాదం చేసుకుంది. భర్త కళ్ళు తుడుచుకుని డోలీ కట్టడానికి ఉరికాడు. కట్టెల వైపు వెళ్ళిన మగవాళ్ళే వెదురు కర్ర తెచ్చారు. దానికి దుప్పటి కట్టి డోలీ చేశారు. ముందు భర్త, వెనక నేను భుజం పెట్టాం. నన్నెవరూ అడగలేదు, నేనే వెళ్ళి పెట్టాను.

దిగుడు దారిలో అడుగు వేస్తే రెండు అడుగులు జారుతోంది. పక్కన డాక్టరమ్మ చిలకమ్మ మణికట్టు వదలకుండా నడుస్తున్నారు. ముందున్నవాళ్ళు ఏదో అరుస్తారు, నాకు అర్థం కాదు. డోలీలోంచి అనువాదం వస్తుంది.

"ఆగమంతన్నారు, ఆగు! ఇప్పుడు ఎడంపక్కకి. నీకు ఎడం అన్నా తెలుసునా, అదీ రాదా?"

"తెలుసక్కా."

"ఒలమ్మో... మెల్లగా దిగండ్రా..."

వాగు దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు పెరిగి ఉన్నాయి. మోకాళ్ళు దాటి తొడల దాకా. కర్రను భుజం నుంచి పైకెత్తి రెండు చేతులతో పట్టుకుని దిగాం. మధ్యలో నా కాలి కింద రాయి కదిలింది. డోలీ ఒక్క ఊపు ఊగింది. ఎవరో వెనక నుంచి నా చొక్కా పట్టుకుని ఆపారు. నిలబడ్డాం. అందరూ అరిచారు, చిలకమ్మ తప్ప.

ఆమె తిట్టలేదు.

అవతలి గట్టు ఎక్కినా తిట్టలేదు. అంతవరకూ ఆ తిట్లు వింటూ నడుస్తున్నాను కాబట్టే నడవగలిగానని అప్పుడు తెలిసింది.

"అక్కా, పలుకక్కా. తిట్టక్కా ఒకపాలి."

డాక్టరమ్మ ఆమె బుగ్గలు తడుతూ, "ఆగొద్దు, నడవండి! నడవండి!" అని అరిచారు. ఆ మాటకి ఎవరికీ అనువాదం అక్కర్లేకపోయింది. పరిగెత్తాం.

జీపులో భర్త, అత్త, నేను ఇరుక్కున్నాం; చిలకమ్మ తల డాక్టరమ్మ ఒళ్ళో ఉంది. అయ్యగారు పైకి వినపడేలా ప్రార్థన చేస్తూనే ఒక్కో మలుపూ తిప్పారు. ఆసుపత్రి చేరగానే స్ట్రెచర్‌తో పాటు డాక్టరమ్మ లోపలికి వెళ్ళారు, తలుపు మూసుకుంది. బల్ల మీద భర్త, పక్కన అత్త, వాళ్ళకి ఎదురుగా గోడకి ఆనుకుని నేను. అత్త నన్ను చూసిన ప్రతిసారీ నేను నేల పలకలు లెక్కపెట్టుకున్నాను.

చాలాసేపటికి లోపల నుంచి ఒక సన్నని ఏడుపు వినిపించింది. తరవాత డాక్టరమ్మ బయటికి వచ్చారు. "ఆడపిల్ల. తల్లి కూడా బాగానే ఉంది" అన్నారు. నేను గోడ పక్కనే నేల మీద చతికిలబడ్డాను.

ఆవిడ నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నారు: "రాదు అనడానికి ఎంతసేపు పడుతుంది సుందర్? నీ అబద్ధానికి పోయిన సమయం నీది కాదు, ఆ పిల్లది. గుర్తుంచుకో." అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. అని ఉంటే తేలిగ్గా ఉండేది.

అయ్యగారు నా భుజం మీద చెయ్యి వేశారు. డోలీ మోసి వాచిపోయిన భుజం అది. "దేవుడు రక్షించినాడయ్యా" అన్నారు. ఎవరినుంచి రక్షించాడో ఇద్దరికీ తెలుసు గనక పేరు చెప్పుకోలేదు.

ఇంతలో వార్డులోంచి ఒక నర్సు బయటికి వచ్చింది. చేతిలో కాగితాలు. అత్త ఆమె వెంట పడి గడగడా ఏదో అడుగుతోంది. నర్సుకి ఒక్క ముక్క అర్థం కావడం లేదు.

"ఈవిడేటంతందో ఎవులికైనా తెలస్తందా? ఇందాక ఎవులో సెప్పినారు, మీతో భాష తెలిసిన బాబు వచ్చినాడంట?"

అయ్యగారు కిటికీలోంచి కొండల్ని చూడడం మొదలుపెట్టారు. డాక్టరమ్మ కళ్ళజోడు తుడుచుకున్నారు. అత్త చెయ్యి ఎత్తి సూటిగా నా వైపు చూపించింది. నర్సు ఆశగా నా దగ్గరికి వచ్చింది.

"బాబూ, నీకేనా వచ్చు?"

నేను లేచి నిలబడ్డాను. రెండు చేతులూ జోడించాను.

"అమ్మా, నాకు తెలుగు కూడా అంతంతమాత్రమేనమ్మా."

ఆ ఆసుపత్రి వరండాలో, నర్సు సాక్షిగా, నన్ను కర్రతో కొట్టకుండా వదిలేసిన అత్తగారి సాక్షిగా ప్రమాణం చేశాను: ఇకమీదట ఎవరైనా ఏదైనా వచ్చా అని అడిగితే, వచ్చినా సరే, ముందు రాదనే చెబుతాను. అన్నం తినడం వచ్చా అని అడిగినా ఒక్క క్షణం ఆలోచించే చెబుతాను.