చెమ్మ మిషను ఆరబెట్టిన పెళ్ళిబట్టలు

ఎనభైల మొదట్లో మేము విశాఖపట్నం వచ్చినప్పుడు వన్‌టౌన్‌లో కొండను ఆనుకుని ఉన్న ఇంట్లో కింది వాటా అద్దెకు తీసుకున్నాం. మావారికి పోర్టులో ఎలక్ట్రికల్ వర్క్‌షాపులో ఉద్యోగం. క్వార్టర్సు వచ్చేదాకా అక్కడే సర్దుకోవాలి. మేం చేరింది ఎండాకాలంలో. చెయ్యి ఆనిస్తే గోడలు చల్లగా తగిలాయని నేను తెగ సంబరపడ్డాను. ఎందుకంత చల్లగా ఉన్నాయో వానలు మొదలయ్యాక తెలిసింది. పడకగది వెనక గోడకీ కొండరాయికీ మధ్య జానెడు ఎడం కూడా లేదు. కొండమీద కురిసిన వానంతా నింపాదిగా మా గోడలోంచి ఊరేది. ముందువైపు నుంచి ఎలాగూ సముద్రపు గాలి ఉండనే ఉంది.

జాడీలో ఉప్పు నీరయ్యేది. అగ్గిపుల్ల గీస్తే మందు రాలేది కానీ మంట వచ్చేది కాదు. మావారి బూట్లు రెండు రోజులు తొడక్కపోతే చాలు, వాటిమీద పచ్చటి నూగు మొలిచేది. పాలకొల్లు నుంచి మా అమ్మ పంపిన అప్పడాలు పట్టుకుంటే తడిగుడ్డల్లా వేలాడేవి. వాటిని చూసి నేనూ మావారూ నవ్వుకునేవాళ్ళం.

మామగారూ అత్తగారూ మా దగ్గరికి వచ్చాక ఆ నవ్వు ఆగింది. అత్తగారికి కొంచెం ఆయాసం ఉంది. ఆ గదిలో పడుకోవడం మొదలుపెట్టాక దగ్గు పట్టుకుంది. పడుకుంటే దగ్గు, లేచి కూర్చుంటే కాస్త నయం. డాక్టరుగారు మందు రాసిచ్చి, "నా మందు సగమే పనిచేస్తుంది. మిగతా సగం ఆ గది ఆరితేనే" అన్నారు.

గది ఆరబెట్టడానికి ఎవరికి తోచింది వాళ్ళం చేశాం. నేను కుంపటి పెట్టాను. ఆ పొగకి దగ్గు రెట్టింపయింది. మామగారు ఎవరో చెప్పారని పళ్ళేల్లో సున్నపురాళ్ళు పోసి మంచం కింద పెట్టారు. అవి చెమ్మ పీల్చుకుని పొంగి, పళ్ళేలు దాటి పొడిపొడిగా నేలమీదికి వచ్చాయి. అత్తగారు వాటిలో అడుగు వేసి ఇల్లంతా తెల్లటి పాదాలు అచ్చువేశారు. "లక్ష్మీదేవి నడిచినట్టుంది" అని మామగారు వేళాకోళమాడితే ఆవిడ దగ్గుతూనే చీపురు తీశారు.

అప్పుడు మావారి వర్క్‌షాపులో ఆయన స్నేహితుడొకడు, ఆ ఊరివాడే, దారి చూపించాడు.

"బావా, ఓడల్లో సెమ్మ తీసే మిషన్లుంటాయి కదా? పాత ఓడల సామాన్లమ్మే కొట్లో రెండు పడున్నాయి. ఓపాలి సూసి రా."

ఆదివారం నాడు మావారూ నేనూ మామగారూ వెళ్ళాం. ఆ కొట్టు చూడాలి! ఇత్తడి లాంతర్లు, ఏ దేశానివో తెలియని పింగాణీ కంచాలు, మనిషి దూరేటంత గుండ్రటి కిటికీలు, ఒక మూల మంగలి కుర్చీ. కొట్టతను మమ్మల్ని నేరుగా ఒక పెద్ద మిషను దగ్గరికి తీసుకెళ్ళాడు. తెల్లగా తళతళలాడుతోంది, కింద చక్రాలున్నాయి. దాని పక్కనే బూడిదరంగుది ఇంకొకటి, బట్టలు పెట్టుకునే ట్రంకు పెట్టెంత ఉంటుంది, ఒక పక్క సొట్ట పడింది. మామగారు పెద్దదాని మీద చెయ్యి వేసి, "ఇది బావుందిరా, హుందాగా ఉంది" అన్నారు.

మావారు దాని వెనక్కి వెళ్ళి వంగి, అక్కడున్న రేకు మీది అక్షరాలు చదివారు. "నాన్నా, ఇది నూటపది వోల్టుల మీద నడిచేది. మనింట్లో ప్లగ్గులో పెడితే ఒక్క క్షణంలో కాలిపోతుంది. దీని పక్కన ఇంతే బరువున్న ట్రాన్స్‌ఫార్మరు కూడా పెట్టుకోవాలి."

సొట్టది మన కరెంటుకి సరిపోతుందని మావారు తేల్చారు. కొట్టతను పెదవి విరిచాడు. "సిన్నది కదా సార్, గదికి ఆనదేమో."

"మా గదీ చిన్నదే. ముందు తిప్పి చూపించు."

ప్లగ్గు పెట్టగానే అది కసురుకున్నట్టు ఒక చప్పుడు చేసి తిరగడం మొదలుపెట్టింది. "సూసినారా, ఎంత బాగా తిరగతందో!" అన్నాడు కొట్టతను.

"తిరిగితే చాలదు. నీళ్ళు కారాలి," అన్నారు మావారు.

కొట్టతను టీ తెప్పించాడు. ఓడ డెక్కు మీద వేసుకునే కాన్వాసు కుర్చీల్లో కూర్చుని ముగ్గురం ఆ మిషను వైపే చూస్తూ టీ తాగాం. రోడ్డున పోయేవాళ్ళు ఆగి, మేం దేన్ని చూస్తున్నామో తెలియక, వాళ్ళూ చూడటం మొదలుపెట్టారు. చాలాసేపటికి లోపలి గొట్టం మీద చెమట పట్టింది. అది కూడుకుని కూడుకుని, కింది తొట్టిలోకి టప్పుమని ఒక చుక్క రాలింది. మామగారు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లతో బేరమాడే వీలు కూడా లేకుండా పోయింది. కొట్టతను చెప్పిన ధరకే కొన్నాం.

రిక్షాలో ఇంటికి తెచ్చి గదిలో పెట్టాం. అత్తగారు దాని ముందు పీట వేసుకుని కూర్చున్నారు. కాసేపటికి మొహం చిట్లించారు.

"చల్లగాలి రాదేవిట్రా? పైగా వేడిగా కొడుతోంది!"

"చల్లబరచడానికి కాదమ్మా, ఆరబెట్టడానికి."

"నన్నా?"

మర్నాడు మావారు డ్యూటీకి వెళ్ళాక, ఆవిడకి ఉక్కపోస్తోందని మామగారు కిటికీలు రెండూ బార్లా తీసేశారు. మిషను ధారగా నీళ్ళు తీస్తోంది. తొట్టి నిండటం, ఆయన పారబొయ్యడం, మళ్ళీ నిండటం. "ఎంత పనిమంతురాలో చూశావా అమ్మా!" అని నాకు చూపించి మురిసిపోయారు. అప్పుడే మాకు చేపలు తెచ్చే ఆవిడ గంప దింపింది. సముద్రపొడ్డున ఉన్న యారాడ పల్లె నుంచి వచ్చేది. ఆవిడా నేనూ ఇంచుమించు ఒక ఈడువాళ్ళం అనుకునేదాన్ని కానీ, ఆవిడకి అప్పటికే పెళ్ళికెదిగిన కూతురుంది. గుమ్మంలోంచి తొంగిచూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఓలమ్మో! గాల్లోంచి నీళ్ళు తీత్తాదేటి? కిటికీలు తీసీసి మా సముద్రాన్ని గానీ ఎండబెట్టీత్తన్నారేటమ్మా? ఆనక మాకు సేపలుండవు!"

అందరం పడీపడీ నవ్వాం. నవ్వుతూనే నేను తలగడ తడిమి చూశాను. నిన్నటిలాగే చెమ్మగా ఉంది. అవును మరి, కిటికీలు తీసి ఊరి గాలంతా లోపలికి పిలుస్తుంటే గది ఎప్పటికి ఆరుతుంది? కిటికీలు మూశాం. తలుపు కింది సందులో పాత గుడ్డలు కుక్కాం. రోజులు గడిచేకొద్దీ నీళ్ళు తగ్గాయి. "మిషను పాడైందిరా" అని మామగారు బెంగపెట్టుకుంటే, నీళ్ళు తగ్గాయంటే గది ఆరిందని మావారు నచ్చచెప్పేసరికి తాతలు దిగివచ్చారు.

అత్తగారి దగ్గు పూర్తిగా పోలేదు. కానీ పడుకుని నిద్రపోగలిగారు. "దుప్పటి గలగలలాడుతోందే" అన్నారు ఒక పొద్దున్న, అదేదో పట్టుచీర అయినట్టు. ఆ తర్వాత ఆ గదికి కాపురాలు పెరిగాయి. నా అప్పడాలు, అగ్గిపెట్టెలు, రవ్వ డబ్బా, మామగారి పుస్తకాలు, పై వాటా వాళ్ళ పరుపు. "నా మంచం గోడౌన్లో వేశారు" అని ఆవిడ వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పేవారు.

శ్రావణమాసంలో చేపలావిడ కూతురికి పెళ్ళి కుదిరింది. పెళ్ళి రేపనగా పొద్దున్నే ఆవిడ వన్‌టౌన్ బజారుకొచ్చి బట్టలు కొంది. మధుపర్కాలు, పెళ్ళికూతురి చీరలు, పెళ్ళికొడుకు చొక్కా, పంచె. మూట కట్టుకుని రోడ్డెక్కేసరికి వాన విరుచుకుపడింది. మా గుమ్మంలోకి వచ్చిన మనిషిని చూసి గబగబా తువ్వాలు అందించాను. ఒంటిమీద బట్టలకంటే మూటలోంచే ఎక్కువ నీళ్ళు కారుతున్నాయి. ఎప్పుడూ నవ్వే మనిషి ఏడుస్తోంది.

"అన్నీ తడిసిపోనాయమ్మా. రేపు పొద్దున్నే ముహూర్తం. ఈ ముసురులో ఎక్కడారతాయి? తడిబట్టల్తో పీటలమీద కూకోబెడితే మొగపెళ్ళోరు ఏటనుకుంతారు? నానేటి సేసేది?"

నేను నోరు తెరిచేలోపే అత్తగారు లేచారు. "ఏడవకు. లోపలికి రా. ఒరే, మీ నాన్నని నా మంచం అవతలికి లాగమను!"

ఆ రోజు మావారికి సెలవు. గదిలో ఆ గోడనుంచి ఈ గోడకు తాళ్ళు కట్టారు. నేనూ చేపలావిడా చెరొక కొసా పట్టుకుని చీరలు పిండాం. చీరల రంగు తెల్లటి మధుపర్కాలకి అంటకుండా వాటిని విడిగా ఆరేశాం. తలుపు మూసి మిషను వేశాం. అందరం వసారాలో కూర్చున్నాం. గంటయిందో లేదో కరెంటు పోయింది.

చేపలావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. మామగారు లోపలికెళ్ళి విసనకర్ర తెచ్చి, తలుపు తీసుకుని గదిలోకి వెళ్ళి చీరలకి విసరడం మొదలుపెట్టారు. ఆయన్ని చూసి అత్తగారొకటి, నేనొకటి, ఎంతకీ ఊరుకోలేక మావారు అట్టముక్క అందుకున్నాం. చివరికి చేపలావిడకి నవ్వొచ్చింది. "బాబుగారు నా కూతురి సీరకి సేవ సేత్తన్నారు!" అంది కళ్ళు తుడుచుకుంటూ. మధ్యాహ్నం భోజనాలవేళకి కరెంటు వచ్చింది. సాయంత్రానికి బట్టలు కరకరలాడుతున్నాయి. అత్తగారు ఒక్కొక్కటీ చెంపకి ఆనించి చూసి మరీ మడతపెట్టారు. పైన ప్లాస్టిక్ గుడ్డ రెండు చుట్లు చుట్టి మూట కట్టి ఇచ్చారు.

"అందరూ రావాల. రాకపోతే నామీదొట్టే," అని వెళ్ళింది.

వెళ్ళాం. పొద్దున్నే వాన తెరిపిచ్చింది. యారాడ కొండమీది మలుపుల దారిలో మేం మాట్లాడుకున్న జీపు ఆయాసపడింది కానీ అత్తగారు పడలేదు. పందిట్లో ఆ పిల్ల పీటలమీద కూర్చుంది, మధుపర్కాలు ఎంత పొడిగా ఉన్నాయో మా నలుగురికీ, చేపలావిడకీ మాత్రమే తెలుసు. చేపలావిడ అత్తగారి చెయ్యి పట్టుకుని మొగపెళ్ళివారి దగ్గరికి తీసుకెళ్ళి, పెళ్ళికూతురిని చూపిస్తూ, "ఈయమ్మే మా గుంటకి పెద్దమ్మ" అని చెప్పింది. అత్తగారు వెంటనే చుట్టరికం అందుకుని, వియ్యపురాలిని మర్యాదలు సరిగ్గా జరిగాయా అని అడగడం మొదలుపెట్టారు. అత్తగారిని ఆ పందిట్లోంచి ఇంటికి తీసుకొచ్చేసరికి పొద్దువాలింది.