ముత్తన్న తూచిన పుస్తకం

మొన్న కువైత్‌లో, షువైఖ్‌లోని మా గ్యారేజీకి ఒక బ్యాటరీ లారీ వచ్చి ఆగింది. చప్పుడు లేదు, వాసన లేదు. ముప్పై ఏళ్లుగా డీజిల్ వాసనతోనే అన్నం తిన్నవాణ్ణి. ఆ వాసన లేకపోయేసరికి, ఇదే గ్యారేజీలో నాతో పనిచేసిన ముత్తన్న గుర్తొచ్చాడు.

స్క్రూడ్రైవర్ ఆనించి డీజిల్ పంపు జబ్బు చెప్పగలిగేవాణ్ణి కువైత్ మొత్తంలో నేనొక్కణ్ణే అంటుంటాను. కొంచెం తగ్గించుకోవాలి, మా వీధిలో నేనొక్కణ్ణే. అదీ ముత్తన్న నేర్పిందే. మాది జగిత్యాల, ఆయనది నిజామాబాద్. స్క్రూడ్రైవర్ కొసను పంపుకు ఆనించి, చెక్క పిడిని పళ్ల మధ్య బిగించి చూపించి, "చెవులతోని గాదు తమ్మీ, పండ్లతోని విను" అనేవాడు.

ఏటేటా ఐరోపా నుంచి లారీ విడిభాగాల పుస్తకం వచ్చేది. ఇంగ్లీషు రాని ముత్తన్న దాన్ని అరచేతిలో పెట్టుకొని తూచేవాడు. "మల్ల పల్చగైందిరా. ఆడ బొగ్గు తగ్గించిండ్రు, ఇగ డీజిల్ మీద పడ్డరు." ఫోనులో వార్తలు చదివే పండితుణ్ణి కదా, ఊరుకోలేదు. "అందరొక్క తీరు లేరన్నా. పోలాండోళ్లు ఇంకా బొగ్గు కాలుస్తనే ఉన్నరు. నార్వేవోళ్లు సముద్రంల నూనె తోడి అమ్ముతరు, వాళ్లేమో బ్యాటరీ కార్లెక్కుతరు."

"కల్లు అమ్మెటోడు తాగనట్టు!" అని నవ్వాడు. "మరి మన గతేంది?"

"మనకేందన్నా, నూనె మీదనే కూసున్నం."

"నూనె మీద కూసున్నది ఈ కువైతోళ్లు. మనం కూసున్నది పంపు మీద."

పోయినేడు వచ్చిన పుస్తకంలో మా పంపు పేజీలే లేవు. పని సగం పడిపోయింది. మమ్మల్ని తెచ్చుకున్న యజమాని, మా కఫీల్, ఇద్దరినీ పిలిచి, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా ఒక్కరికే పొడిగిస్తానన్నాడు. అంతకు వారం ముందు ఎవరికీ అంతుబట్టని ఓ పోర్టు లారీ మా దగ్గర బాగైంది. "ఆ పోర్టు లారీ జబ్బు కనిపెట్టింది ఎవరు?" అని అడిగాడు. కనిపెట్టింది ముత్తన్న. ఆయన్నే ఉంచమని కఫీల్ కాళ్లావేళ్లా పడ్డానని మా ఊళ్లో అందరికీ చెప్పాను. ఇక్కడా అదే రాద్దామని కూర్చున్నాను. కానీ నేను ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. "నేనే" అన్నాను. ముత్తన్న నావైపు ఒకసారి చూశాడు. కాదనలేదు. "ఖలాస్, తేలిపోయింది" అన్నాడు కఫీల్.

ఊరికి వెళ్లేనాడు ముత్తన్న తన స్క్రూడ్రైవర్ నా చేతిలో పెట్టాడు. "ఇంటికాడ దీంతోని ఏం పని? ఉంచుకో తమ్మీ." తిట్టినా బాగుండేది. ఇప్పుడు ఫోను చేస్తే ఎత్తడు.

మొన్న వచ్చి ఆగిన బ్యాటరీ లారీ మళ్లీ కదలనంది. "యల్లా, తొందరగా విను" అన్నాడు కఫీల్. నా ఇఖామా గడువు ఇంకా నాలుగు నెలలే. గ్యారేజీ అంతా చూస్తుండగా స్క్రూడ్రైవర్ కొసను ఇనుముకు ఆనించి, పిడిని పళ్ల మధ్య పెట్టి, కళ్లు మూసుకున్నాను. జబ్బు దొరికినట్టు తల కూడా ఊపాను. ఏమీ వినబడలేదు. పిడి మీది ముత్తన్న పళ్ల గాట్లు మాత్రం నా పళ్లకు తగిలాయి.