మేరమ్మత్త గొంతు కోసం తిరుపతికి: మా చిన్న చర్చికి మిక్సర్ కొన్న రోజు

మా చర్చిలో పాట ఎత్తేది మా మేనత్త మేరమ్మ. కాణిపాకానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, రేకుల కప్పు కింద నలభై కుటుంబాలు కూడుకునే చిన్న చర్చి మాది. చాపల మీద కూర్చునే ఆడవాళ్ళలో సగం మందికి చదువు రాదు. అందుకే పాటలో ప్రతి వరుసనూ అత్త ముందు మాటగా చెబుతుంది, ఆ తర్వాత అందరూ రాగంలో అందుకుంటారు. ముప్పై ఏళ్ళుగా ఇదే పద్ధతి. పోయినేడాది ఆమెకు గొంతులో గడ్డకు ఆపరేషన్ జరిగింది. మనిషి కోలుకుంది గానీ గొంతు సన్నబడి, నడుమ నడుమ జీరపోవడం మొదలైంది. మా పాత యాంప్లిఫయర్‌లో మైకులన్నిటికీ కలిపి సౌండు పెంచే తిప్పుడు పిడి ఒకటే. అత్త కోసం పెంచితే పాస్టరుగారి మైకు, కీబోర్డు కూడా పెరిగి, స్పీకరు పెట్టె చెవులు చిల్లులు పడేలా కూసేది. మూడు వారాలు చూసి ఆమె మైకు పక్కన పెట్టి చాప మీద కూర్చుంది. నా చిన్నప్పుడు ఆ గొంతు మా వీధి చివరిదాకా వినపడేది. మళ్ళీ ఒక్కసారైనా అలా వినాలని నాకు ఒకటే ఆరాటం.

కోత పండుగకు అందరూ తెచ్చిచ్చిన గుమ్మడికాయలు, కోళ్ళు వేలంలో అమ్మగా వచ్చినదానికి చందాలు కలిపి, ఒక్కో మైకు సౌండు విడిగా పెంచుకునే మిక్సర్ కొనమని పదహారు వేలు నా చేతిలో పెట్టారు సంఘ పెద్దలు. "పక్కూరి చర్చిలో పన్నెండు మైకుల మిషను ఉండాదప్పా. దానికి తగ్గకుండా తీసకరా," అని ఒక పెద్దాయన హెచ్చరిక కూడా. మాకున్నవి మూడు మైకులు, ఒక కీబోర్డు. అయినా పరువు పరువే కదా.

మంగళవారం ఉదయం ఏడున్నరకు అత్తా నేనూ కాణిపాకంలో తిరుపతి బస్సెక్కాం. దర్శనానికి వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళే వేళ కాకపోవడంతో సీట్లు దొరికాయి. ఆడవాళ్ళకు బస్సు ఉచితం కాబట్టి అత్తకు ఆధార్ కార్డు చూసి ఉచిత టికెట్ ఇచ్చారు, నాకు వంద పైచిలుకైంది. చర్చిలో వాడే మైకును తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది అత్త. చంద్రగిరి దాటాక, "అంత దూరం తీసకపోతా ఉండావు, ఆడ కూడా గొంతు రాకపోతే?" అంది. జారిపోతున్న తువ్వాలును మైకు చుట్టూ సరిచేసి మళ్ళీ ఆమె ఒళ్ళో పెట్టాను.

తొమ్మిదిన్నరకు బస్టాండులో దిగి ఇడ్లీ తిన్నాం. ఆపరేషన్ తర్వాత అత్తకు కారం పడదు, చట్నీ, సాంబారు వద్దని చక్కెర అద్దుకుని తింది. బయట ఆటో అతను మా సంచీ చూసి, "అలిపిరికా సామీ? నడిచి పోతారా?" అన్నాడు. "కొండకు కాదప్పా, సౌండు సామాన్ల అంగడికి," అంటే నవ్వి, ఎనభై రూపాయలకు ఊరి లోపల ఒక సందులో దింపాడు.

అంగడి యజమాని మురుగేశన్న జాతరలకు, పెళ్ళిళ్ళకు సౌండు పెట్టే మనిషి. ముందు పన్నెండు మైకుల మిక్సర్ చూపించాడు. పద్నాలుగున్నర వేలు, రంగురంగుల లైట్లు, ఎకో అందులోనే. ఫోనులో పాట పెట్టి వినిపించబోతే వద్దని, అత్తను పాడమన్నాను. ఆమె కదల్లేదు. ట్రయలుకు దేవుని పాట పాడనంటుంది. కాసేపు బతిమాలాక చెప్పులు బయట విడిచింది, తలమీద కొంగు కప్పుకుని రెండు మాటలు ప్రార్థన చేసుకుంది. మురుగేశన్న కూడా చెప్పులు విడిచి, ఫ్యాను ఆపించాడు.

అత్త పాడింది. ఎకోలో ఆ జీర ఎక్కడికి పోయిందో గానీ, అంగడి నిండా నా చిన్ననాటి గొంతు! నాకు కళ్ళు చెమర్చాయి. "ఇదే! ఇదే ఇచ్చెయ్యన్నా," అన్నాను.

మురుగేశన్న తొందరపడలేదు. "చర్చిలో ఈయమ్మ ఏం చేస్తుంది సామీ?" అని అడిగాడు. ముందు మాట చెప్పే పద్ధతి వివరించాను. "అయితే పాడొద్దమ్మా, మాట చెప్పు," అని వీధి గుమ్మం దగ్గరికి పోయి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. అత్త ఒక వరుస చెప్పింది. అతను తల అడ్డంగా ఊపాడు. "సప్పుడు బాగుండాది, మాట రాలా. ఒకటి తెలిసేలోగా ఇంకోటి దానిమింద పడతా ఉండాది." ఎకో తీసేయమన్నాను. తీసేసి గొంతు పెంచితే దాంతో పాటు మిషను 'స్‌స్' కూడా లేచింది.

అప్పుడు చిన్న పెట్టె ఒకటి తెచ్చాడు. ఆరు మైకులే, లైట్లు లేవు, పదమూడు వేల ఎనిమిది వందలు. ప్రతి మైకుకూ వేరే పిడి. అత్త మళ్ళీ చెప్పింది. ప్రతి మాటా గుమ్మం దాకా పోయింది. దాంతో పాటే ప్రతి జీరా అక్కడిదాకా వినబడింది.

నేను మొండికేశాను. "నాకు ఆ పాత గొంతు కావాలత్తా," అనేశాను, అంగట్లో అందరి ముందే.

అత్త కొంగు సర్దుకుంది. "నాక్కూడా కావల్ల అబ్బోడా. యాడ దొరుకుతుందో చెప్పు, కొందాము."

చిన్నదే తీసుకున్నాను. మిగిలినదానికి వైర్లు, ఒక స్టాండు వచ్చాయి. మధ్యాహ్నం రెండు గంటల బస్సుకు బయలుదేరితే, నాలుగున్నరకు ఇంట్లో ఉన్నాం.

ఆ ఆదివారం మిక్సర్ దగ్గర నేనే కూర్చున్నాను. అత్త వరుస చెప్పింది, చివరి చాప మీద ఆడవాళ్ళు కూడా తడబడకుండా అందుకున్నారు. మిషను కూయలేదు. లైట్లు లేవేమని పెద్దాయన సణిగాడు. నా వేలు మాత్రం అత్త మైకు పిడి మీదే ఉండిపోయింది, ఇంకొంచెం తిప్పితే ఆ పాత గొంతు వస్తుందేమోనన్నట్టు. రాదని అంగట్లోనే తెలిసింది. తెలిసినా ప్రతి ఆదివారం వేలు అక్కడికే పోతోంది. ఈ మధ్య మాత్రం ఆ జీర పడే చోటు వచ్చేసరికి వేలు తీసేసి, దాన్నే చెవి ఒగ్గి వింటున్నాను.

మీరూ తక్కువ బడ్జెట్‌లో మిక్సర్ కొనబోతుంటే ఒక్కటే సలహా: ఫోనులో పాట పెట్టి చూసి కొనకండి. ఎవరి గొంతు కోసం కొంటున్నారో వాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళండి. ఆ గొంతు ఉండగానే, ఇప్పుడే వెళ్ళండి.