గుంత తవ్వనిచ్చే ఇల్లు

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సులో గంట పడుతుంది. ఆ దారిన ఇల్లు వెతుక్కోవడానికి పోయేవారికి ముందే ఒక మాట చెబుతాను: గురువారం మాత్రం పోకండి. మంత్రాలయం నుంచి వచ్చే జనంతో బస్సులో కాలు మోపే చోటుండదు. మేము గురువారమే పోయాం. సోమవారం నేను పనిలో చేరాలి, వేరే రోజు కుదరలేదు.

అది డెబ్బైల చివరి మాట. ఆదోనిలో ఒక పత్తి మిల్లులో నాకు తూకం గుమాస్తా పని దొరికింది. పత్తి వచ్చే కాలంలో రాత్రి పొద్దుపోయేదాకా తూకాలు సాగుతాయి, ఆఖరి బస్సు అందదు. కాపురం అక్కడికి మార్చాల్సిందే. జీతం రెండు వందలు. ఆదోని రెండో బొంబాయి అని పేరుపడ్డ ఊరు, ఒంటి గదికి కూడా ఎనభై అడుగుతారని చెప్పారు. మిగిలినదానితో ఇద్దరు పిల్లలను పెట్టుకుని నెల గడవదు. గడవాలంటే నా భార్య నీలమ్మ మగ్గం నడవాలి. ఆమెది గుంతమగ్గం. నేలలో గుంత తీసి, అందులోకి కాళ్ళు దించి తొక్కుతూ నేయాలి. అద్దె ఇంట్లో నేల తవ్వనిచ్చే మహానుభావుడు దొరికితేనే మేమంతా ఒకచోట ఉంటాం. లేకపోతే నేను మిల్లులో పత్తి బస్తాల మీద పడుకోవాలి, ఆమె పిల్లలతో ఎమ్మిగనూరులో ఉండిపోవాలి.

ఏడున్నర బస్సు ఎక్కాం. పిల్లలను పక్కింట్లో వదిలాం. నీలమ్మ మగ్గం పొడవు, గుంత వెడల్పు ఒక తాడు మీద ముడులు వేసి తెచ్చుకుంది. దారి పొడుగునా ఆ ముడులు తడుముకుంటూనే ఉంది. మేము నిలబడ్డ చోట పక్క సీటులో జంపఖానాల మూటతో ఒక ముసలి సాయిబు కూర్చున్నాడు. మా సంగతి విని తల ఊపాడు.

“ఆదోనిలో పిల్లనిచ్చేవాళ్ళు దొరుకుతారు గానీ ఇల్లిచ్చేవాళ్ళు దొరకరు బేటా. బండలు పరిచిన ఇండ్లకు పోవాకండి. కిల్లా కింద పాత ఇండ్లు సూడండి. ఆడ మట్టి నేల.”

దిగగానే బస్టాండు ఎదురుగా బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ఆదోనికి ఎవరు వెళ్ళినా ఆ పని తప్పక చేయాలి. నీలమ్మ మాత్రం సగం తిని పొట్లం కట్టించింది.

దగ్గర కదా అని సాయిబు మాట పెడచెవిన పెట్టి ముందు బజారు వెనక ఇళ్ళే చూశాం. మొదటి ఇంటావిడ అద్దె, నీళ్ళు, దొడ్డి అన్నీ ఒప్పుకుంది. గుంత అనేసరికి లేచి నిలబడింది. “ఇంట్లో గుంత తీస్తే ఆ ఇంట్లోంచి ఎవరో ఒకరు పోతారమ్మా! నాకు ముగ్గురు మనవళ్ళుండారు, మీరు పోండి” అంది.

రెండో ఇంటాయన మా ఊరూ పనీ విని, నీలమ్మ చేతిలో తాడు చూసి మమ్మల్ని ఎగాదిగా చూశాడు. “మగ్గానికా? ఎమ్మిగనూరు ఇడిసిపెట్టి ఈడ మగ్గమేసే ఎర్రోళ్ళు ఎవరుండారు? కోట కింద సొమ్ము తవ్వను వచ్చినారు. పోలీసులను పిలుస్తా” అన్నాడు. నేను నోరు తెరిచేలోగా తలుపు మూసేశాడు.

నిధుల పిచ్చి ఉన్న ఊళ్ళో గుంత మాట ఎత్తడమంటే చేతిలో గడ్డపార పట్టుకుని తిరిగినట్టే. నాకు భయం పట్టుకుంది. మధ్యాహ్నమయ్యేసరికి నీలమ్మతో మాట్లాడటం కూడా మానేశాను. మాట్లాడితే, నువ్వు ఎమ్మిగనూరులోనే ఉండిపో అనాల్సి వస్తుంది.

చివరికి సాయిబు చెప్పినట్టే కోట కొండ కింద ఒక పాత ఇంటికి వెళ్ళేటప్పటికి మూడు దాటింది. ఇంటి యజమాని బసప్ప అరవై దాటినవాడు, ఒంటరి. వెనక భాగంలో ఒక గది, ముందు ఒక పంచ. మట్టి నేల. నీలమ్మ తాడు పరిచింది. ముడికి ముడి సరిపోయింది. గుంత సంగతి నేనే నసుగుతూ చెప్పాను.

బసప్ప వీధి తలుపు గడియ పెట్టి వచ్చాడు. “ఎంత లోతు తవ్వుతారప్పా?” అన్నాడు మెల్లగా.

“మోకాళ్ళ లోతు” అన్నాను.

“ఇంకొంచెం తవ్వుకో. అరవై ఇయ్యండి సాలు.”

అంత తక్కువా అని నేను నీలమ్మ వైపు చూస్తుంటే ఆయనే అసలు సంగతి బయటపెట్టాడు. “మా అవ్వ సెప్పేది, ఈ గదిలో యాడో ఒక సొమ్ము కడవ ఉండాదని. నేను తవ్వితే ఊరు నవ్వుతాది. మగ్గం గుంత అంటే ఎవురూ అడగరు. దొరికితే సగం నాది, సగం మీది.”

నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఏమీ దొరకకపోతే వారానికే మమ్మల్ని వెళ్ళగొడతాడు. అప్పటికి మగ్గం కూడా విప్పి తెచ్చేసి ఉంటాం. నీలమ్మ తాడు చుట్టుకుంటూ అంది: “మాకు సగం వద్దు పెద్దాయనా. దొరికితే అంతా నువ్వే తీసుకో. దొరక్కుంటే మాత్రం మూడేండ్లు అద్దె పెంచరాదు, గుంత పూడ్సమనరాదు.”

బసప్ప మొహం వెలిగిపోయింది. వెంటనే కర్పూరం వెలిగించి ప్రమాణం చేశాడు. నెల అద్దె బయానా ఇచ్చి బయటపడ్డాం.

సాయంత్రం అయిదు గంటల బస్సులో సీటు దొరికింది. పొద్దుటి పొట్లం విప్పి ఇద్దరం తిన్నాం. నల్లరేగడి చేలు వెనక్కి పోతున్నాయి. నా మనసు మాత్రం ఆ గదిలోనే ఉంది. ఏనాడూ నిధుల మాట నమ్మనివాణ్ణి, ఒక కడవలో ఎంత సొమ్ము పడుతుందో లెక్క వేస్తున్నాను.

“నీలా, నిజంగా ఉంటే? అంతా ఇచ్చేస్తివే!” అన్నాను.

ఆమె నావైపు జాలిగా చూసింది. “ఉంటే ఆయప్ప ఆ ఇల్లు పడగొట్టి మేడ కడతాడు. మనకు మళ్ళా గుంత తవ్వనిచ్చే ఇల్లు యాడ దొరుకుతాది?”

ఆ మాటతో నా లెక్కలన్నీ తలకిందులయ్యాయి. ఎమ్మిగనూరులో దిగి, పిల్లల కోసం కూడా ఆగకుండా నేరుగా నీలకంఠేశ్వరుడి గుడికి పోయాం. అందరూ ఏదో ఒకటి దొరకాలని టెంకాయ కొడతారు. మేము ఆ గుంతలో మట్టి తప్ప ఏమీ దొరకకూడదని కొట్టాం.